తాపీ చప్పుడు

కుట్టుమిషనుకి రెండు చుక్కల నూనె వేసి, చేతి చక్రాన్ని ఓసారి ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుని, బొత్తాలక్క దాన్ని పాత దుప్పటిలో చుట్టింది. నడుం పట్టేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి ఎత్తి, గుమ్మంలో ఉన్న బండిలో పెట్టింది. అది చంటిపిల్లల్ని తిప్పే బండి. తన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అదే వీధిలో ఉండే డ్రైవరు పారేయబోతుంటే ఆవిడ అడిగి తెచ్చుకుంది. కొత్తవాళ్ళెవరైనా ఎదురైతే లోపలున్న బిడ్డని చూద్దామని ముచ్చటగా వంగుతారు. దుప్పటి సందులోంచి ఇనుప మిషను కనపడగానే మొహం అదోలా పెట్టి తప్పుకుంటారు. వీధిలోవాళ్ళు మాత్రం "పాప నిద్రపోయిందా అక్కా?" అని అడుగుతారు. రోజూ అదే పరిహాసం, రోజూ ఆవిడ నవ్వుతుంది. నవ్వకపోతే ఒంట్లో ఎలా ఉందని ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తారు. వాటికి జవాబు చెప్పడం కంటే నవ్వెయ్యడమే తేలిక.

బయలుదేరేముందు మంచం దగ్గరికి వెళ్ళింది. మేస్త్రీ అప్పటికే లేచి, వీపు వెనక రెండు దిళ్ళు పెట్టుకుని, కిటికీకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన ఆవిడ మొగుడు. ఒకప్పుడు ఇటుకల తట్టని ఒంటిచేత్తో భుజానికెత్తుకున్న మనిషి. సిమెంటు దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఇప్పుడు గ్లాసు ఎత్తడానికి కూడా రెండు చేతులూ కావాలి. చొక్కా భుజాల మీంచి జారిపోతుంటే ఆవిడ కుట్లు విప్పి లోపలికి కుట్టింది. కొన్నాళ్ళకి మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టింది. మనిషి తగ్గుతుంటే చొక్కా తగ్గించడం తప్ప ఆవిడ చేతుల్లో మాత్రం ఏముంది? నీళ్ళ సీసా మంచం అంచున, మందు దాని పక్కన, తాపీ కిటికీ గట్టు మీద పెట్టింది.

"వస్తానయ్యా."

"ఇవాళ ఎక్కడ?"

"పొద్దున డ్రైవరింట్లో. తినొచ్చాక ఆయా ఇంట్లో."

ఆయన తల ఊపి వీధి మొగ వైపు తిరిగాడు. ఆ మూల గదిలోంచి చూస్తే వీధిలోకి ఎవరొచ్చినా ముందు ఆయన కంటే పడాలి. కిటికీకి లావుపాటి ఇనుప చువ్వలు, వాటికి ఎప్పటిదో పచ్చరంగు. తాళాలవాళ్ళు వస్తుంటే మేస్త్రీ తాపీ తీసుకుని చువ్వ మీద కొడతాడు. ఆ ఖంగుమనే చప్పుడు వీధి చివరిదాకా వినపడుతుంది. వినపడగానే నిద్రలో ఉన్నవాళ్ళు లేస్తారు, పెరట్లో ఉన్నవాళ్ళు గుమ్మంలోకి వస్తారు, బొత్తాలక్క మిషను చక్రం గట్టిగా తిప్పుతుంది. ఆయనకి మిగిలిన పని అదొక్కటే. దాన్ని ఆయన ఇదివరకు గోడ ఎంత నిలువుగా కట్టేవాడో అంత శ్రద్ధగా చేస్తాడు.

ఈ వీధివాళ్ళంతా సముద్రానికి అవతలి గట్టు నుంచి వచ్చినవాళ్ళు. వచ్చిన కొత్తలో ఇక్కడంతా బురద, ఊరు తన చెత్తని తెచ్చి పోసుకునే చోటు. అక్కడుంటామంటే ఊరివాళ్ళు ఉండండి పాపం అన్నారు. అనకేం, వాళ్ళ సొమ్మేం పోయింది? పగిలిన ఇటుకలూ రాళ్ళూ మోసి మోసి వీళ్ళే మెరక చేసుకున్నారు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. మేస్త్రీ ఏకంగా వీధే కట్టి చూశాడు. పగలు ఊళ్ళోవాళ్ళకి కట్టేవాడు, పొద్దుగూకాక వీధిలోవాళ్ళకి కట్టేవాడు. ఇప్పుడు ఊరు ఒళ్ళు చేసి ఇక్కడిదాకా పెరిగింది. బురద బంగారమైంది. వీధి ఉన్నచోట అద్దాల మేడలూ, వాటి ముందు వెడల్పాటి రోడ్డూ రావాలట. వీధి వెళ్ళనంది. కోర్టుకి వెళ్ళింది, రోడ్డు మీద కూర్చుంది, దెబ్బలు కూడా తింది. చివరికి కోర్టు ఒక మాట చెప్పింది. మనిషి ఉన్న ఇంటిని తియ్యడానికి వీల్లేదు, ఖాళీ ఇంటిని తియ్యొచ్చు. అప్పట్నుంచి ఆఫీసువాళ్ళు వేళాపాళా లేకుండా వచ్చి తాళం ఉన్న గుమ్మాల కోసం చూసిపోతారు. అందుకే వాళ్ళకి తాళాలవాళ్ళని పేరు.

మొదట్లో ఎవరూ దాన్ని లెక్కచెయ్యలేదు. అంతలో రొట్టెల మామ పోయాడు. అవతలి గట్టున అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్ళనీ వదిలేసి వచ్చిన జనం కదా, ఇక్కడ ఎవరు పోయినా వీధంతా తాళాలు వేసుకుని వెనక నడుస్తుంది. చూలింతలూ ముసలివాళ్ళూ కూడా ఇంట్లో ఉండరు. పుట్టిన నేల ఎలాగూ తోడు రాదు, వీధైనా రావాలి కదా. రొట్టెల మామ వెనక కూడా అలాగే నడిచారు. తిరిగొచ్చేసరికి వీధి ఆ చివర వరస మొత్తానికి సీళ్ళు పడ్డాయి, గోడల మీద ఎర్ర రంగు గీతలు పడ్డాయి. పోయినవాడి కోసం ఏడ్చిన కళ్ళతోనే గిన్నెలూ పక్కబట్టలూ అడుక్కుని తెచ్చుకున్నారు. ఇప్పుడక్కడ రేకుల కంచె ఉంది, దాని వెనక ఏమీ లేదు.

తరవాత వీధిలో ఎవరూ గుమ్మానికి తాళం వెయ్యలేదు, ఏ ఇంటినీ మనిషి లేకుండా వదల్లేదు. రాత్రి డ్యూటీవాళ్ళు పగలు ఇళ్ళలో పడుకుంటారు. ముసలివాళ్ళున్న ఇళ్ళకి బెంగ లేదు. అందరూ పనికిపోయే ఇళ్ళు కొన్నుంటాయి, ఏది ఏ పూట ఖాళీ అయితే ఆ పూట దానిలో బొత్తాలక్క తన మిషనుతో కూర్చుంటుంది. ఇది ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. ఓరోజు ఆవిడ ఎవరింట్లోనో పరదాలు కుడుతుంటే తాళాలవాళ్ళు వచ్చి, మిషను చప్పుడు విని, ముందుకి పోయారు. ఆ సాయంత్రం నుంచి ఆవిడకి ఇది ఉద్యోగమైంది. కుట్టుపని ఎక్కడ కూర్చుని చేస్తే ఏం అన్నారు. నిజమే, ఏమీ కాదు. కానీ రోజుకో ఇంట్లో రోజుకో కుర్చీలో కూర్చుంటే నడుముకి తెలుస్తుంది, అది ఎవరి కుర్చీయో.

డ్రైవరింట్లో పొద్దున పని మామూలుగా సాగింది. హోటలు దుప్పట్లు వచ్చాయి. నడుమ అరిగిపోయిన దుప్పటిని నిలువునా రెండుగా చింపి, గట్టిగా ఉన్న అంచుల్ని మధ్యకి తెచ్చి కలిపి కుడితే ఇంకొన్నాళ్ళు పనికొస్తుంది. ఆ కుట్టు చాలా పొడుగు. తలెత్తకుండా కుట్టుకుంటూ పోవాలి. ఎదురుగా గోడ మీద డ్రైవరు పిల్లలు ఎత్తు కొలుచుకున్న పెన్సిలు గీతలున్నాయి. ఈ ఇంట్లో తను కూర్చోవడం మొదలుపెట్టాక పెద్దపిల్ల గీత ఆవిడ భుజం దాటిపోయింది. ఆవిడకి ఒక్కోసారి అనిపిస్తుంది, అందరి ఇళ్ళలోనూ ఉంటున్నాను, నా ఇంట్లో తప్ప అని. అనిపించగానే సిగ్గేస్తుంది. ఆ గది నిలబడి ఉన్నది ఈ ఇళ్ళన్నీ నిలబడి ఉండబట్టే కదా.

తిండి వేళకి ఇంటికొచ్చింది. ఆఫీసువాళ్ళకీ ఆకలేస్తుంది కాబట్టి ఆ కాసేపూ వీధికి భయం లేదు. జావ చల్లార్చి చెంచాతో పట్టింది. మేస్త్రీ నాలుగు చెంచాలు మింగి, ఆయాసం తీర్చుకుని అన్నాడు.

"నేను పోతే అందరూ బయల్దేరతారే."

"తినేటప్పుడు ఆ మాటలెందుకయ్యా."

"తినేటప్పుడే కదా నువ్వు నా ఎదురుగా కూర్చునేది."

ఆవిడ ఇంకో చెంచా అందించింది. ఈ గొడవ వీధిలో కొన్నాళ్ళుగా నలుగుతూనే ఉంది. మేస్త్రీ పరిస్థితి అందరికీ తెలుసు. మొన్న డ్రైవరు అందరినీ కూర్చోబెట్టి, ఆచారాలు కొంచెం సడలించుకోవాలి అనబోయి నీళ్ళు నమిలాడు. ఇస్త్రీ అత్త అతన్ని మాట పూర్తిచెయ్యనివ్వలేదు. ఈ వీధికి గోడలు కట్టినవాణ్ణి దిక్కులేనివాడిలా పంపిస్తారా, నేను మాత్రం నడుస్తాను, ఎవడొచ్చి సీలు వేసుకుంటాడో వేసుకోమనండి అంది. ఆ మాటతో సగంమంది ఏడ్చారు, మిగతా సగం తలలు దించుకున్నారు. ఏదీ తేలలేదు.

"నా వెనక ఎవరూ రావొద్దని చెప్పు. తలుపులు తీసుకుని ఇళ్ళల్లోనే ఉండమను" అన్నాడు మేస్త్రీ. "శ్మశానం దారి నాకు తెలీదా? దాని ప్రహరీ కట్టింది నేనేగా. దారి తప్పిపోతానా ఏంటి?"

"నిన్నొక్కణ్ణీ పంపిస్తానా?"

"నువ్వొస్తావుగా."

"నేనొస్తే ఇక్కడెవరుంటారు?"

ఆయన ఆ సంగతి ఆలోచించినట్టు లేదు. చువ్వ మీద రంగు పెచ్చుని గోటితో గీకాడు. ఆవిడ ఆయన మూతి తుడిచి, దిళ్ళు సర్ది, నీళ్ళ సీసా నింపి మంచం అంచున పెట్టి లేచింది.

ఆయా ఇల్లు వీధి ఆ చివర, రేకుల కంచెకి కాస్త ఇవతల. ఆయా అంటే ఆసుపత్రిలో నేలలు తుడిచే మనిషి. మొగుడు లేడు, పిల్లలు బడిలో ఉంటారు. తాళాలవాళ్ళ కన్నంతా ఆ ఇంటిమీదే. బొత్తాలక్క మిషను కిటికీ దగ్గర పెట్టుకుని, పొద్దున సగంలో ఆపిన దుప్పటి అందుకుంది. ఎండ గదిలోకి వాలింది. కునుకు వస్తున్నట్టే ఉంది కానీ చెయ్యి తిరుగుతూనే ఉంది.

బూట్ల చప్పుడు విని తలెత్తింది.

కిటికీ బయట తాళాలవాళ్ళు. సంచీ తగిలించుకున్న పడుచు ఆఫీసరు, రంగు డబ్బా పట్టుకున్నవాడు, సీళ్ళ సామాను మోస్తున్న ఇంకొకడు. అంటే వీధంతా నడిచి వచ్చేశారు. మూల గది కిటికీ కిందనుంచే వచ్చి ఉండాలి, వేరే దారి లేదు. చువ్వ మోగలేదు.

నిద్రపట్టిందేమో అనుకుంది ముందు. ఆ రేకుల కంచె వేసిన నాటినుంచి మేస్త్రీ పగలు కన్నుమూసింది లేదు. చెయ్యి లేవలేదేమో అనుకుంది. మధ్యాహ్నం చువ్వ మీద రంగు గీకింది ఆ చేతితోనే కదా. ఇంకేమేమో అనుకోబోయింది. కానీ ఒళ్ళు ముందే తెలుసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి చెయ్యాల్సిన పని చెయ్యకుండా ఊరుకున్నది లేదు.

లేవాలనుకుంది. లేచి గుమ్మం దాటితే ఆయా ఇల్లు ఖాళీ ఇల్లే. వాళ్ళు గుమ్మం ముందే ఉన్నారు. సాయంత్రం తడిసిన బట్టలతో ఆయా వచ్చేసరికి తలుపుకి సీలు ఉంటుంది. ఇక్కడినుంచి మూల గదికి పరుగెడితే ఎంతసేపు? పరుగెత్తడానికి లేదు. బొత్తాలక్క చక్రం పట్టుకుని తిప్పింది.

"మీరేనా అమ్మా ఇవాళ ఇక్కడ?" అన్నాడు ఆఫీసరు కిటికీలోంచి.

"మనిషిని ఉన్నాను కదా బాబూ. రాసుకో."

అతను రాసుకున్నాడు. వెళ్ళలేదు. రంగు డబ్బావాడు గోడ వారగా నీడలో కూలబడ్డాడు.

"కొంచెం మంచినీళ్ళిస్తారా? ఎండ మండిపోతోంది."

ఆవిడ లేచి, ఆయా కుండలోంచి నీళ్ళు ముంచి కిటికీలోంచి అందించింది. అతను నిదానంగా తాగాడు. తాగి, ఇంకో గ్లాసు అడిగి, అది కూడా నిదానంగానే తాగాడు. చెడ్డవాడేం కాదు. అలిసిపోయిన మనిషి ఎలా తాగుతాడో అలాగే తాగాడు. ఆ గ్లాసు వైపు చూస్తూ నిలబడటం కంటే కష్టమైన పని ఆవిడ జన్మలో చెయ్యలేదు.

"మూల గదిలో పెద్దాయన ఇవాళ చువ్వ కొట్టలేదేంటి?" అన్నాడు గ్లాసు తిరిగిస్తూ. "కిటికీ దగ్గరే కూర్చున్నారు. బాగున్నారా అంటే పలకలేదు, అలా చూస్తూ ఉండిపోయారు. మా మీద కోపం ఇంకా తగ్గలేదా?"

"కోపం కాదు బాబూ. అలిసిపోయాడు" అంది బొత్తాలక్క.

వాళ్ళు కంచెదాకా వెళ్ళి, రేకులు కదిపి చూసి, ఏదో మాట్లాడుకుని, తిరిగి వచ్చి వీధి మొగ వైపు నడిచారు. ఆవిడ మళ్ళీ మిషను ముందు కూర్చుని చక్రం పట్టుకుంది. బూట్ల చప్పుడు పూర్తిగా పోయేదాకా తిప్పుతూనే ఉంది. తీరా దుప్పటి లాగి చూస్తే రెండు ముక్కలూ విడివిడిగా ఊడి వచ్చాయి. కింద బాబిన్‌లో దారం ఎప్పుడు అయిపోయిందో, అంత పొడుగునా సూది గుచ్చిన చిల్లులే ఉన్నాయి. దుప్పటి అక్కడే వదిలేసి, మొదటిసారి మిషను లేకుండా, బండి లేకుండా, ఉత్త చేతులతో వీధిలోకి వచ్చింది.

మేస్త్రీ కిటికీకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, వీధి మొగ వైపే చూస్తున్నాయి. తాపీ ఒళ్ళో ఉంది, పిడి చుట్టూ వేళ్ళు మూసుకుని ఉన్నాయి. నీళ్ళ సీసా దొర్లి మంచం కిందికి పోయింది, మూత కూడా తియ్యలేదు.

ఆవిడ సీసా వైపు చూసింది, తాపీ వైపు చూసింది. మొన్న వానాకాలంలో ఓసారి ఆయన దాహమేసి చువ్వ కొట్టాడు. వీధంతా నిద్రకళ్ళతో బయటికి పరుగెత్తుకొచ్చింది. మేస్త్రీకి దాహమేస్తే అందరం నీళ్ళు తాగాలా అని వారంపాటు నవ్వుకున్నారు. ఆవిడకి తలకొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, ఆ చప్పుడు వీధిది, నీదీ నాదీ కాదు అని కసిరింది. ఆ తరవాత ఆయన తన కోసం ఒక్కసారి కూడా కొట్టలేదు. ఇవాళ కూడా కొట్టలేదు. చేతిలోకి తీసుకున్నాడు, కొట్టలేదు.

"కొట్టొచ్చు కదయ్యా" అంది పక్కన కూర్చుని. "ఒక్కసారి కొట్టొచ్చు కదా. నేనేమన్నా అంటానా?"

చాలాసేపటికి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తాపీ తీసుకుంది. రోజూ తనే గట్టు మీద పెట్టేది ఇంత బరువుంటుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలీదు. చువ్వ మీద రంగు పోయిన చోటే పెట్టి కొట్టింది. మళ్ళీ కొట్టింది. వీధి పొడుగునా తలుపుల్లోకి మనుషులు వచ్చి నిలబడ్డారు. తాళాలవాళ్ళ కోసం వీధి మొగ వైపు చూశారు. అక్కడెవరూ లేరు. ఇస్త్రీ అత్త అందరికంటే ముందు కిటికీ వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పనులకి పోయినవాళ్ళు కూడా పొద్దు వాలకముందే చేరారు. గది పట్టక గుమ్మం బయట నిలబడ్డారు. మళ్ళీ అదే గొడవ లేవబోయింది. డ్రైవరు ఏదో మొదలుపెట్టి మధ్యలోనే మానేశాడు. ఇస్త్రీ అత్త అప్పటికే చెప్పులు తొడుక్కుని ఉంది. మేస్త్రీ మాటని బొత్తాలక్క ఉన్నదున్నట్టు చెప్పింది, ప్రహరీ సంగతితో సహా. కొందరికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"దారి తప్పడు సరే, ఒంటరిగా ఎలా పోతాడు?" అంది చివరికి ఇస్త్రీ అత్త.

"వీధి ఆయన వెనక రాలేకపోతే, ఆయన్నే వీధి వెంట తిప్పుకొద్దాం అత్తా" అంది బొత్తాలక్క. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకీ తెలీదు. అంత అలసటలో మనిషికి తోచేవి చిన్న మాటలే.

మూల గది వీధి మొగలోనే ఉంది కాబట్టి శ్మశానానికి అటునుంచి అటే వెళ్ళిపోవచ్చు. వాళ్ళు అలా వెళ్ళలేదు. ఇంట్లో ఇద్దరున్నచోటి నుంచి ఒక్కొక్కరు వచ్చి ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. ముందు వీధి లోపలికి నడిచారు. ప్రతి తలుపూ బార్లా తీసి ఉంది. ప్రతి గడప మీదా మనిషి నిలబడి ఉంది. ఎవరూ మెట్టు దిగలేదు. ఇస్త్రీ పెట్టె కట్టేసి ఒకరు, పాచిబట్టతో ఒకరు, రాత్రి డ్యూటీకి తయారై ఒకరు, తడిసిన అంచుతో ఆసుపత్రి చీరలో ఆయా. ఆయన తమ గుమ్మం దాటేదాకా నిలబడి, దాటాక కూడా నిలబడ్డారు. రేకుల కంచె దాకా తీసుకెళ్ళి, అక్కడ ఓ క్షణం ఆగి, వెనక్కి తిప్పారు. తను కట్టిన గోడల మధ్యనుంచి మేస్త్రీ రెండుసార్లు వెళ్ళాడు. బొత్తాలక్క వెనకాలే నడిచింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు, నడక ఒక్కటే ఉంది.

గది ఖాళీగా వదల్లేదు. నేను మాత్రం నడుస్తానని అంత గట్టిగా అన్న ఇస్త్రీ అత్త, తొడుక్కున్న చెప్పులు గుమ్మంలో విడిచేసి, లోపలికెళ్ళి మేస్త్రీ మంచం మీద ఆయన దిళ్ళకి ఆనుకుని కూర్చుంది. తన ఇంట్లో కొడుకున్నాడు, ఫరవాలేదంది. వీధి మొగ దాటుతూ బొత్తాలక్క ఓసారి కిటికీ వైపు చూసింది. అత్త రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తోంది. కిటికీ గట్టు మీద, ఆమె ముట్టుకోవడానికి మనసొప్పక పక్కకి కూడా జరపని చోట, తాపీ ఉంది. దాని అంచుకి చువ్వ నుంచి ఊడిన పచ్చరంగు పెచ్చు ఒకటి ఇంకా అంటుకునే ఉంది.